ఉప్పునీటి తొట్టెలో నా పెత్తనం

మా పళ్ళ ఆసుపత్రి హాల్లోకి అక్వేరియం వచ్చిన రోజు డాక్టరమ్మ గారు అందరినీ పిలిచి ఒకే మాట చెప్పారు. నెల రోజుల పాటు దాన్ని ఎవరూ కదపకూడదు, అందులో ఏమీ వేయకూడదు. నేను అక్కడ ఆయాని. ఊడ్చడం, తుడవడం, పేషెంట్లు పుక్కిలించి ఉమ్మిన గిన్నెలు కడగడం నా పని. ఇరవై ఏళ్ళుగా ఆ హాల్లో నేను ముట్టుకోని వస్తువు లేదు. ముట్టుకోవద్దన్న పెట్టె ఒకటి గోడవారగా నీలం లైటు వేసుకుని కూర్చునేసరికి నా చేతులకి దురద పట్టుకుంది.

మామూలు మంచినీళ్ళ చేపలైతే ఇంత గొడవ ఉండేది కాదు. ఇది సముద్రపు చేపల తొట్టె. డ్రిల్లింగ్ మిషను శబ్దానికి హాల్లో కూర్చున్నవాళ్ళు బెదిరిపోతున్నారని, రంగుల చేపల్ని చూస్తే కాస్త కుదుటపడతారని డాక్టరమ్మ ఆలోచన. అక్వేరియం షాపతను వచ్చి అడుగున ఇసక పరిచాడు, చిల్లులు పడ్డ రాళ్ళు పేర్చాడు, సంచీలో తెచ్చిన ఉప్పుని ఫిల్టర్ నీళ్ళలో కలిపి నింపాడు. ఆ రాళ్ళలో కంటికి కనపడని సూక్ష్మజీవులు పెరగాలట. చేపలు చేసే మలినాన్ని అవే తినేస్తాయట. అవి పెరగకముందే చేపల్ని వేస్తే నీళ్ళు విషమవుతాయట. తుడుపుగుడ్డ పట్టుకుని ఇదంతా విని, ఊరుకోలేకపోయాను.

"ఏం బాబూ, నువ్వు పుట్టకముందే ఉప్పునీళ్ళలో మోకాలిదాకా దిగినదాన్ని. నాకు చెప్తావేంటి?" అన్నాను.

"మీకు తెలియనిదేముందండి పిన్నిగారూ," అన్నాడు నవ్వుతూ. మర్యాదకి అన్న మాట అది. నేను అధికారం ఇచ్చాడనుకున్నాను.

నేను చెప్పింది అబద్ధమేం కాదు. మాది రాజోలు దాటాక సముద్రం హోరు వినపడే ఊరు. ఇంటి వెనక ఉప్పుమడులు ఉండేవి. పెళ్ళయ్యాక మా ఆయన రొయ్యల చెరువుల మీద కాపలా ఉండేవాడు, నేను మేత చల్లేదాన్ని. చెరువు నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంటే ఉప్పు హెచ్చిందో తగ్గిందో చెప్పేదాన్ని. ఆయన పోయాక రాజమండ్రి వచ్చి ఈ ఆసుపత్రిలో చేరాను.

తొట్టె బాధ్యతని డాక్టరమ్మ మా కాంపౌండరుకి అప్పగించారు. అతను నాకంటే పదేళ్ళు చిన్న, నన్ను అక్కా అంటాడు. అక్కడ నాకంటే ముందు నుంచీ ఉన్నాడు. పెన్నుకి మూత పెట్టకుండా కింద పెట్టని మనిషి. నలభై ఎనిమిదో ఏట నాకు అక్షరాలు నేర్పింది అతనే. మధ్యాహ్నం పేషెంట్లు లేని వేళ పాత మందుల చీటీల వెనక రాసి చూపించేవాడు. నాకు రాక, విసుగొచ్చి చీటీ విసిరేస్తే, లేచి వెళ్ళి తీసుకొచ్చి మళ్ళీ నా ముందు పెట్టేవాడు. ఒక్కసారి కూడా కసురుకోలేదు. అదే నాకు ఇంకా కోపం తెప్పించేది.

రోజూ ఉదయం అతను ఒక చిన్న గొట్టాన్ని కంటికి ఆనించి నీటిబొట్టులో ఉప్పెంతుందో చూసేవాడు. దాన్ని ఒక నోటు పుస్తకంలో ఎక్కించేవాడు. నీటి మట్టం ఎంత, ఆ రోజు తొట్టెలో ఏం వేశాం, అవీ రాసేవాడు.

మొదటి వారంలోనే హాల్లో వేళాకోళం మొదలైంది.

"ఏవండీ, ఈ నీళ్ళు పుక్కిలించడానికాండీ?" అని దవడ వాచిన ఒకాయన అడిగాడు.

సామర్లకోట నుంచి పన్ను తీయించుకోవడానికి వచ్చిన పెద్దావిడ అద్దానికి కళ్ళజోడు ఆనించి చాలాసేపు వెతికి, "చేపలు కూడా అపాయింట్‌మెంటు తీసుకునే వస్తాయేంటమ్మా?" అంది.

హాలంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పెట్టె నాదైనట్టు, అది ఖాళీగా ఉండడం నా తప్పయినట్టు. ఆ రోజు నుంచి డాక్టరమ్మ వెనక పడ్డాను.

"నీళ్ళు పెట్టిన చెరువులో నెల్లాళ్ళు రొయ్యపిల్ల వేయకుండా ఎవరన్నా కూర్చుంటారాండీ?"

"షాపతను చెప్పాడు కదా ఆయమ్మా."

"ఆయన చదువుకున్నోడండి. చదువుకున్నోళ్ళకి ప్రతిదానికీ నెల పడుతుంది."

ఆవిడ నవ్వేశారు. ఆవిడకీ లోపల తొందరగానే ఉంది. పదో రోజున రెండు చేపలు వచ్చాయి. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలు, బొటనవేలంత చేపలు. షాపతనికి మనసొప్పలేదు. "మేత చిటికెడు మించకూడదండి," అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

ఇక అసలు సంగతి. గాలి పంపుకీ లైటు వేడికీ తొట్టెలో నీళ్ళు రోజూ కాస్త కాస్త తగ్గేవి. ఆసుపత్రి తాళం తీసేది నేను. కాంపౌండరు తొమ్మిదింటికి వస్తాడు. ఆలోగా తొట్టె తగ్గి కనపడితే నాకు తోచేది కాదు. చెరువులో నీళ్ళు ఎండకి తగ్గితే ఏం చేసేవాళ్ళం? పోటు వచ్చినప్పుడు తూము ఎత్తి కాలవలోని ఉప్పునీళ్ళు పెట్టుకునేవాళ్ళం. ఇక్కడా అంతే కదా అనుకున్నాను. తొట్టె కింద అరలో ఉన్న సంచీలోంచి గుప్పెడు ఉప్పు తీసి, మగ్గులో కలిపి, వేలు ముంచి రుచి చూసి పోసేదాన్ని. అంచున తెల్లగా పేరుకున్నది గుడ్డతో తుడిచేసేదాన్ని. తొట్టె నిండుగా, శుభ్రంగా ఉండేది. నీళ్ళు తగ్గడం లేదంటే మూత బాగా కుదిరిందని డాక్టరమ్మ అన్నారు. నేను పోస్తున్నానని చెప్పలేదు. దాయాలని కాదు. గిన్నెలు కడిగానని రోజూ చెప్తానా?

కాంపౌండరు రాసిన మొదటి అంకె ముప్పై అయిదు, ఉండాల్సింది అంతేనట. తరవాత ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది. అతను గొట్టం తుడిచి మళ్ళీ చూసేవాడు.

"అక్కా, నీళ్ళు నిండుగానే ఉన్నాయి. ఉప్పేమో పెరుగుతోంది. ఇదేం విడ్డూరం?"

"నీ గొట్టం పాడైపోయుంటుంది తమ్ముడూ."

"కొత్తదక్కా ఇది."

"అయితే నీ కళ్ళు పాతవైపోయుంటాయి."

నవ్వి ఊరుకున్నాడు. అది నేను పోసే నీళ్ళ వల్లేనని అప్పటికి నాకు నిజంగానే తెలియదు.

అంకె నలభై దాటేసరికి చేపలు మేత మానేశాయి. రాయి పక్కన నక్కి ఉండేవి. నాకు కాలు నిలవలేదు. హాలు తుడుస్తూ ప్రతి రెండు నిమిషాలకీ తొట్టె దగ్గరికి పోయేదాన్ని. చూస్తే నీళ్ళు గాజులా తేటగా ఉన్నాయి. చెరువుల మీద బతికినవాళ్ళకి తేట నీళ్ళంటే భయం. రంగు లేని నీళ్ళలో రొయ్య ఎదగదు. రంగు రావడానికి తవుడు, బెల్లం, ఈస్టు కలిపి రెండు రోజులు పులియబెట్టి ఆ రసం చెరువులో పోసేవాళ్ళం. అదే చేశాను. ఇంట్లో స్టీలు క్యానులో పులియబెట్టి, వడగట్టి, శనివారం సాయంత్రం అందరూ వెళ్తుంటే తాళం వేసే ముందు ఒక గ్లాసుడు పోశాను. చెరువుకి డ్రమ్ములకి డ్రమ్ములు పోసేవాళ్ళం, ఇది గ్లాసే కదా అనుకున్నాను. ఎకరాల చెరువు ఎక్కడ, బల్ల మీద పెట్టె ఎక్కడ? ఆ ఆలోచనే రాలేదు.

ఆదివారం సెలవు. సోమవారం తాళం తీస్తే తొట్టె నిండా పాలు పోసినట్టుంది. ఒక చేప రాయి వెనక వెల్లకిలా పడి ఉంది. రెండోది నీటి పైన మూతి పెట్టి తెరుస్తూ మూస్తూ గాలి కోసం కొట్టుకుంటోంది. అలా కొట్టుకోవడం ఏమిటో నాకు తెలుసు. నీళ్ళలో గాలి చాలనప్పుడు రొయ్యలూ అలాగే పైకి తేలుతాయి. మా ఆయన నీళ్ళు చిలికి గాలి ఎక్కించే ఏరేటర్లు వేయడానికి గట్టు వెంట పరిగెత్తేవాడు. నేను చేసిందేమిటో ఆ క్షణమే అర్థమైంది. మగ్గుతో నీళ్ళు ఎత్తి పోస్తూ, గాలి గొట్టం పైకీ కిందికీ లాగుతూ కూర్చున్నాను. కాంపౌండరు వచ్చాడు. డాక్టరమ్మ వచ్చారు. షాపతనికి ఫోను వెళ్ళింది. నేను నోరు విప్పలేదు.

షాపతను వచ్చి ఉప్పు చూశాడు. నలభై రెండు. పుస్తకంలో ఉన్నదీ అదే.

"అంకెలు సరిగ్గానే రాశారండి," అన్నాడు. "కానీ మట్టం తగ్గకుండా ఉప్పు పెరిగిందంటే ఎవరో వేసుండాలి. ఉప్పు సంచీ కూడా సగం అయ్యింది."

డాక్టరమ్మ పుస్తకం తిరగేశారు. హాల్లో అప్పటికే అయిదారుగురు పేషెంట్లు ఉన్నారు.

"కాంపౌండరు గారూ, రోజూ 'ఏమీ వేయలేదు' అని రాశారు. సంచీలో ఉప్పు ఎగిరొచ్చి పడిందా?"

"నేను వేయలేదండి," అన్నాడు అతను.

"పొరపాటున వేసుంటే వేశానని చెప్పండి. చేపల గురించి కాదు నా బాధ. వేసి వేయలేదని రాస్తే, రేపు ఆటోక్లేవ్ పుస్తకంలో మీరు రాసింది నేనెలా నమ్మను?"

ఆటోక్లేవ్ అంటే పళ్ళ పరికరాల్ని ఆవిరిలో కాచే మిషను. ఏ ట్రే ఎప్పుడు పెట్టారో, ఎంత వేడిలో ఎంతసేపు ఉందో అతనే రాసి సంతకం చేస్తాడు. ఒకరి నోట్లో పెట్టినది ఇంకొకరి నోట్లో పెట్టాలంటే ఆ సంతకమే ఆధారం. ఇరవై రెండేళ్ళుగా ఆ పుస్తకం మీద ఎవరూ మాట అనలేదు. హాల్లో కూర్చున్న ఒకావిడ పక్కనున్నామెతో ఏదో గుసగుసలాడింది.

అతను పెన్నుకి మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. నా వైపు చూడలేదు. చూసుంటే నాకు కోపం వచ్చేది, ఏదో ఒకటి అని తప్పించుకునేదాన్ని.

షాపతను తన చేతిసంచీలోంచి మందు సీసా తీశాడు. "ఇంకేమన్నా పడిందాండి? తెలియకుండా మందు వేస్తే ఉన్న చేప కూడా పోతుంది."

"వెయ్యకు బాబూ," అన్నాను. "ఉప్పునీళ్ళు పోసింది నేను. రోజూ పోసేను. శనివారం బెల్లం, తవుడు పులిసిన రసం కూడా పోసేను."

"పానకం పట్టించేరాండీ చేపలకి?" అన్నాడు వెనక నుంచి ఒక పేషెంటు. ఎవరూ నవ్వలేదు.

షాపతను సీసా లోపల పెట్టేశాడు. "నీళ్ళు ఆవిరై పోతాయి గానీ ఉప్పు పోదు కదండీ పిన్నిగారూ. తగ్గినప్పుడు మంచినీళ్ళే పోయాలి," అన్నాడు మెల్లగా.

ఉప్పుమడుల పక్కన పుట్టినదాన్ని. మడిలో నీళ్ళు ఎండిపోయి ఉప్పు మిగలడం చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని. ఈ పెట్టె అంచున అదే ఉప్పుని రోజూ నా చేత్తో తుడిచి పారేశాను.

"ఎందుకు చెప్పలేదు ఆయమ్మా?" అన్నారు డాక్టరమ్మ.

"అన్నీ తెలుసని చెప్పుకున్నానండి. తెలియదని ఎలా చెప్పను?"

ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. షాపతనూ నేనూ బకెట్లతో సగం నీళ్ళు తోడి, కొత్త నీళ్ళు కలిపి నెమ్మదిగా పోశాం. ఇంకో గాలి పంపు పెట్టాడు. సాయంత్రానికి ఆ చేప పైనుంచి దిగి రాళ్ళ మధ్యకి పోయింది. బతికింది, ఇప్పటికీ ఉంది. తొట్టె దగ్గరికి డాక్టరమ్మ నన్ను రానివ్వడం లేదు, అది సబబే.

కాంపౌండరుతో డాక్టరమ్మ, "పొరపాటు పడ్డానండి, ఏమీ అనుకోకండి," అన్నారట. అన్నది లోపల గదిలో, తలుపు వేసుకుని. నింద వేసింది హాల్లో. మర్నాటి నుంచి ఆటోక్లేవ్ పుస్తకంలో అతని సంతకం కింద ఆవిడ సంతకం కూడా పడడం మొదలైంది. ట్రేల్ని తెరిచి చూసి మరీ సంతకం పెడుతున్నారు. నాలుగు రోజులు చూశాను. అయిదో రోజు గదిలోకి వెళ్ళాను.

"తప్పు చేసింది నేనండి. ఆ రెండో సంతకం తీసెయ్యండమ్మా."

"ఇది ఎవరి మీదా అనుమానం కాదు ఆయమ్మా. పద్ధతి."

"ఇరవై రెండేళ్ళు లేని పద్ధతి, నేను బెల్లం పోసేక వచ్చిందాండీ?"

ఆవిడ తల ఎత్తలేదు. "బయట ఎవరున్నారో చూసి పంపించండి," అన్నారు.

కాంపౌండరుతో చెప్పాను, నేను మళ్ళీ అడుగుతానని. "వద్దక్కా. అడిగిన కొద్దీ ఆవిడకి అదే గుర్తొస్తుంది," అన్నాడు. కోపం లేదు, నవ్వూ లేదు. మధ్యాహ్నం టీ ఇద్దరం కలిసి తాగేవాళ్ళం. ఇప్పుడు నా గ్లాసు పోసి బల్ల మీద పెట్టి, తనది పట్టుకుని మిషను గదిలోకి వెళ్తున్నాడు.

సాయంత్రం ట్రేలు బయటికి తీసే వేళకి నేను హాల్లో నిలవలేను. తుడిచిన కుర్చీల్నే మళ్ళీ తుడుస్తాను. నిన్న తలుపు సందులోంచి చూశాను. అతను రాసి, సంతకం చేసి, దాని కింద ఆవిడ కోసం ఒక గీత ఖాళీ వదిలాడు. ఆవిడ అడగలేదు, అతనే వదిలాడు.