అమావాస్య లంక మీద కర్ర చప్పుడు

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. కావాలంటే శ్రీనుగాడిని అడగండి. వాడూ ఇదే చెబుతాడు... ఒక్క విషయం తప్ప. దాని దగ్గరే మా ఇద్దరికీ ఇప్పటికీ గొడవ.

రెండువేల నాలుగో, ఐదో. రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నాం. కాలేజీ అవగానే ఇద్దరం కంప్యూటర్ సెంటర్లో వాలిపోయేవాళ్లం. అక్కడ ఒక గేమ్ ఉండేది. ఓడ మునిగి దీవి మీద పడతాం. మంట వేసుకోవాలి, చేపలు పట్టుకోవాలి, తెల్లారేదాకా బతకాలి. ఆ గేమ్‌లో నన్ను కొట్టేవాడు మా కాలేజీలోనే లేడు. ఒకరోజు శ్రీను, ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చుని ఎవడైనా బతుకుతాడు, నిజంగా ఒక్క రాత్రి ఉండి చూపించు అన్నాడు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. అంతే, బయలుదేరాం.

నరసాపురం దగ్గర శ్రీను వాళ్ల మేనత్తగారి ఊరు. అక్కడ గోదావరి మధ్యలో మనుషులు లేని లంక ఒకటుంది. గేమ్‌లోలాగా చిమ్మచీకటి కావాలని ఏరికోరి అమావాస్య పెట్టుకున్నాం. ఇంట్లో ఫ్రెండ్ అన్నయ్య పెళ్లి అని చెప్పేశాం. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. నాకు ఈత రాదు. ఈ మాట శ్రీనుకు కూడా చెప్పలేదు. గోదావరి ఒడ్డున పుట్టి ఈత రాదంటే పరువు పోదూ? గేమ్‌లో మాత్రం బ్రహ్మాండంగా ఈదేవాడిని.

సాయంత్రం సత్తియ్యగారు మమ్మల్ని పడవలో దింపారు. ఆయనది చేపలు పట్టే కుటుంబం. దారిలో సరదాగా వల వేసి చూపించారు. వల దింపాక పడవ అంచు మీద కర్రతో కొడతారు. టక్... టక్ టక్. ఆ చప్పుడుకు చేపలు బెదిరి పరిగెత్తి వలలో పడతాయట. నాకు భలే నచ్చింది. నేనూ నాలుగు దెబ్బలు కొట్టాను.

దింపేటప్పుడు ఆయన పైనున్న గడ్డి దుబ్బులు చూపించారు. “అక్కడే పడుకోండి బాబూ. కిందకి దిగకండి. పోటొచ్చేద్దండి” అన్నారు. ఆయ్, అలాగేనండి అన్నాం. పడవ వెళ్లిపోయింది.

పైకెళ్లి చూస్తే మోకాలెత్తు గడ్డి, దోమలు, పాముల భయం. కింద చూస్తే ఇసుక... నున్నగా, కాస్త తడిగా, గుంజ పాతితే గట్టిగా పట్టేస్తోంది. గేమ్‌లో మొదటి సూత్రం కూడా అదే, నీళ్ల పక్కనే మకాం పెట్టాలి. పోటేంటిరా, మన గోదావరి మనకు తెలీదా అన్నాడు శ్రీను. మాకు తెలిసిన గోదావరి ఆనకట్టకు పైన ఉండే గోదావరి. వానాకాలం వరదొస్తుంది, ఎండాకాలం తగ్గుతుంది. సముద్రపు పోటు ఇంత లోపలికి, రాత్రికి రాత్రి వస్తుందని మాకెవడు చెప్పాడు? ఆ ఇసుక ఎందుకు తడిగా ఉందో కూడా ఆలోచించలేదు, వెధవలం.

వడ్ల మీద కప్పే బరకంతో గుడారం వేశాం. మంట వేశాం. వాళ్ల మేనత్తగారు కట్టిచ్చిన పులిహోర తిన్నాం. అబ్బ, ఆ సంతోషం చెప్పలేను! నిజంగా గేమ్ లోపలికి దూరిపోయినట్టే ఉంది. కబుర్లాడుకుంటూ ఎప్పుడు నిద్రపోయామో తెలీదు.

వీపుకు చల్లగా తగిలి మెలకువ వచ్చింది. సుయ్... మంట ఆరిపోయిన చప్పుడు. లేచి కాలు పెడితే నీళ్లు. టార్చి వేశాను. నీళ్లు. ఇటు తిప్పాను. నీళ్లు. గడ్డి ఎటుందో తెలీడం లేదు. ఆకాశమంతా మబ్బు, ఒక్క చుక్క కూడా లేదు. గబగబా నాలుగడుగులు వేశామో లేదో తొడల దాకా దిగిపోయాం. కంగారులో టార్చి నీళ్లలో పడిపోయింది.

అప్పుడు చెప్పాను. “శ్రీనూ... నాకు ఈత రాదురా.”

  వాడు గబుక్కున నా మణికట్టు పట్టుకున్నాడు.  నీళ్లు నడుము దాటుతున్నాయి. చచ్చిపోతున్నాను అనుకున్నాను. అమ్మకి పెళ్లని చెప్పొచ్చానే అని ఏడుపొచ్చేసింది.

అప్పుడు వినబడింది.

టక్...

టక్ టక్...

కర్ర మీద కర్ర. సాయంత్రం విన్న చప్పుడే. పడవ! నాకు ప్రాణం లేచొచ్చింది. సత్తియ్యగారూ అని గొంతు చించుకుని అరిచాను. జవాబు లేదు. లాంతరు లేదు. తెడ్డు చప్పుడు లేదు. పడవ దగ్గరికొస్తే నీళ్లు కదలాలి కదా... కదలడం లేదు. ఆ చప్పుడు ఒక్కటే... తొందర లేకుండా... టక్... టక్ టక్...

అటే నడిచాను. శ్రీను చెయ్యి వదల్లేదు. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. ఒక్కసారి కాలు అందలేదు. నోట్లోకి ఉప్పునీళ్లు వెళ్లాయి. వాడు లాగాడు. మళ్లీ కాలు ఆనింది. ఇంకొంచెం... ఇంకొంచెం... చేతికి గరుకుగా ఏదో తగిలింది. గడ్డి! ఇద్దరం పాకుతూ పైకెక్కి దుబ్బులు పట్టుకుని బోర్లా పడిపోయాం.

చప్పుడు ఆగిపోయింది.

తెల్లారగానే వస్తానన్న సత్తియ్యగారు రాలేదు. బాగా పొద్దెక్కాక వచ్చారు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. సాయంత్రం మమ్మల్ని దింపి వెళ్లేసరికి ఊళ్లో ఒక పెద్దాయన పోయాడట. ఊళ్లో మనిషి పోతే దహనం అయ్యేదాకా ఎవరూ పడవ ముట్టుకోరట. అది కాగానే సరాసరి మా కోసం వచ్చారు.

మరి రాత్రి చేపలు పట్టింది ఎవరండీ అని అడిగాను.

“రాత్రి ఏట్లోకి పడవ దిగలేదండి. అవతలి ఒడ్డోళ్లు కూడా మా చుట్టాలే. అందరూ చావింటి దగ్గరే ఉన్నారు.”

కాదండీ, విన్నానండీ అని అక్కడున్న కర్ర తీసుకుని పడవ అంచు మీద కొట్టి చూపించాను. టక్... టక్ టక్. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టేసుకున్నారు.

“కొట్టకండి బాబూ.”

ఎందుకని అడిగితే, కర్ర నా చేతిలోంచి లాక్కుని పడవ అడుగున పెట్టేశారు. లంక వైపు చూడకుండా రేవు దాకా పడవ నడిపారు.

సరే, అదైనా వదిలేస్తాను. బస్సులో కూర్చున్నాక నేను శ్రీనుతో అన్నాను, ఎవరో గానీ మహానుభావుడు, ముందు నుంచి ఆ చప్పుడు చెయ్యకపోతే మన పని అయిపోయేదిరా అని. వాడు నా వైపు వింతగా చూశాడు.

“ముందు నుంచేంటిరా? అది మన వెనకాల కదా. మీదకొచ్చేస్తోందనే కదా నిన్ను లాక్కుని పరిగెత్తాను.”

ఇన్నేళ్లయింది. ఇద్దరం ఇప్పటికీ మాట మార్చలేదు. నేను ఆ చప్పుడు దగ్గరికి వెళ్లాను. వాడు ఆ చప్పుడు నుంచి పారిపోయాడు. ఇద్దరం చేతులు పట్టుకుని... ఒకే వైపు నడిచాం.