మాస్టారి జామచెట్టు వంగిన వైనం

భవానీపురంలో మా అపార్ట్‌మెంట్ మేడ మీద వెంకటసుబ్బారావు మాస్టారికి నీలం డ్రమ్ములో ఒక జామచెట్టు ఉంది. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి కనుక చెట్ల గురించి ఆయనకు తెలియనిది లేదు. ఆ సంగతి చెట్టుకే తెలియలేదు. నాలుగేళ్లలో వాటర్ ట్యాంకును దాటి నిటారుగా పెరిగిందే గాని ఒక్క కాయా కాయలేదు.

మెట్లు ఊడ్చే సువార్తమ్మ పుట్టిల్లు జామతోటల ఊరు. ఒకరోజు చూసి ఆగింది.

“కొమ్మలు వంచి కట్టండి మాస్టారూ. లోపలికి ఎండ తగులుద్ది. పక్క చిగుళ్లొచ్చి పూత పడుద్ది.”

“చెట్టన్నాక పెరగాలా, వంగాలా? నువ్వు మెట్లు చూసుకో” అన్నారాయన, ఆ ఏడాదికి ఐదో రకం ఎరువు సంచీ విప్పుతూ.

తర్వాత నెల మాస్టారు కాకినాడలో గృహప్రవేశానికి వెళ్లారు. మోకాళ్ల నొప్పులని ఆగిపోయిన భార్య కనకలక్ష్మి గారు ఆయన బస్సెక్కగానే సువార్తమ్మను పిలిచారు.

“ఇక కానియ్యవే.”

సువార్తమ్మ ప్రతి కొమ్మ కొసనా గుప్పెడు ఆకులు ఉంచి తక్కినవి దూసేసింది. కొమ్మల్ని మెల్లగా వంచి, పాత చీర పేలికలతో ఇటుకలకు కట్టింది.

తిరిగొచ్చిన మాస్టారు రెండు రోజులు కేకలేశారు. కట్లు విప్పుదామంటే నడుము వంచాలి. డాక్టరు వద్దన్నాడు. అలా చెట్టు బతికిపోయింది.

నెల తిరక్కుండా కణుపు కణుపుకీ చిగురొచ్చింది. ఆ వెనకే పూత, పిందె. కాయలు నిమ్మకాయంత కాగానే మాస్టారు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టారు: ‘నా ప్రయోగం ఫలించింది.’

అసోసియేషన్ సెక్రటరీ సిద్ధార్థ మురిసిపోయి, తన జామచెట్టునూ వంచిపెట్టమన్నాడు. మాస్టారు టోపీ పెట్టుకుని వచ్చారు. కంటికి ఆనిన లావుపాటి కొమ్మను పట్టి ఒక్క గుంజు గుంజారు. అది ఫెళ్లున విరిగి చేతికొచ్చింది.

“ఈ చెట్టుకి క్రమశిక్షణ లేదు” అన్నారు మాస్టారు.

“ముదురు కొమ్మ వంగదండీ” అంది సువార్తమ్మ చీపురు పక్కన పెడుతూ.

ఇప్పుడు మా వీధిలో ఆరు మేడల మీద ఆమే కొమ్మలు వంచుతోంది. మాస్టారు వెంట వెళ్లి, కుర్చీ వేయించుకుని, “మెల్లగా! మెల్లగా!” అని అరుస్తుంటారు. అడిగినవాళ్లకు “మా శిష్యురాలండీ” అని చెబుతారు.

“నీకు ఒళ్లు మండదుటే?” అని కనకలక్ష్మి గారు ఒకసారి అడిగారు.

“పోన్లెండమ్మా, ఆయన అరుపులకి చిలకలు రావు” అంది సువార్తమ్మ.