ఎప్పుడు వండారు?

వరప్రసాద్ గారికి ఏది చూపించినా నోట్లోంచి వచ్చే ప్రశ్న ఒకటే: "ఎప్పుడు వండారు?" మా సినిమా కంపెనీలో ఆయన ప్రొడక్షన్ మేనేజరు, నేను కో-డైరెక్టర్ని. పెళ్లికి వెళ్తే అక్షింతలు వేయకముందే వంటశాలలోకి దూరి అడుగుతారు. గుళ్లో పులిహోర పెడితే పూజారినీ వదలరు. ఒక కొత్త రచయిత వచ్చి కథ చెబితే, సాంతం విని, అలవాటుకొద్దీ అదే అడిగారు. అతను తెల్లబోయి, "కరోనా టైములోనండీ" అన్నాడు.

పొద్దున లేస్తే ఫోన్లో కొత్త క్రిముల వార్తలు చదువుతారు. పాలకూరలో ఒకటి, ఐసుముక్కలో ఒకటి. హీరోయిన్ల పేర్లు మర్చిపోతారు గానీ, బాక్టీరియాల పేర్లు ఇంటిపేర్లతో సహా చెబుతారు.

మొన్న జూబ్లీహిల్స్ బంగళాలో విందు సీను తీశాం. టేబుల్ మీది బిర్యానీ పొద్దుటి నుంచి లైట్ల కిందే ఉంది. ప్యాకప్ అయ్యాక మిగిలింది జూనియర్ ఆర్టిస్టులు పట్టుకెళ్లడం మామూలే. వాళ్లలో ఒకరైన రహమత్ నగర్ శకుంతలమ్మ ఆ రోజు మనవరాలి పుట్టినరోజని పెద్ద టిఫిను డబ్బా తెచ్చుకుంది.

వరప్రసాద్ గారు అడ్డం నిలబడ్డారు. "అమ్మా, ఇది ఎప్పుడు వండారో తెలుసా?"

"తెల్వదు సారూ. ఇంటికి పోయి గరం చేస్త."

"గరం చేస్తే క్రిమి చస్తుందమ్మా. అది అన్నంలో వదిలిన విషం చావదు."

"గట్లనే తిని బతికినం. జర పక్కకు జరగుండ్రి."

ఆయన జరిగారు. వెళ్లి, గిన్నెలు తోమే సబ్బునీళ్లు తెచ్చి బిర్యానీలో గుమ్మరించారు.

శకుంతలమ్మ ఖాళీ డబ్బాకి మూత పెట్టుకుని, "పోరికి మాటిచ్చిన సారూ," అని మాత్రం అంది. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు మాటలు అనేద్దామని ఆయన వెనకే గేటు దాకా వెళ్లాను.

అక్కడ ఆటోలో ఆయన భార్య లీలాకుమారి గారు, ఒళ్లో పెద్ద హాట్‌బాక్సు పెట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం శకుంతలమ్మ డబ్బా కంటపడగానే ఆయన మధురానగర్‌లోని ఇంటికి ఫోన్ చేశారట, బిర్యానీ వండి చల్లారకముందే పట్రమ్మని.

"ఈయన సబ్బునీళ్లు పోసినప్పుడల్లా నాకు వంట తప్పదండీ," అన్నారావిడ నాతో. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

ఆయన పిలిస్తే వచ్చిన శకుంతలమ్మ, బాక్సు మూత కొంచెం తీసింది. ఆవిరి మొహానికి కొట్టింది. నవ్వు ఆపుకుంటూ, "గిది ఎప్పుడు వండిండ్రు సారూ?" అంది.

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆయన్నెవరూ తిరిగి అడగలేదు. పెళ్లికొడుకులా సిగ్గుపడి, "ఇప్పుడేనమ్మా. పొద్దుటికి ఉంచొద్దు," అంటూ ఆమెను ఆ ఆటోలోనే ఎక్కించి పంపారు.

"మరి మనం ఎలా వెళ్లాలండీ?" అన్నారు లీలాకుమారి గారు.

"నడుద్దాం. ఇంట్లో మనకేముంది?"

"పప్పుచారు."

ఆయన నోరు తెరిచారు. ఆవిడ ఒక చూపు చూశారు. ఆయన నోరు మూసుకుని నడక మొదలెట్టారు.