ముఖాలు వద్దని చెప్పాక

ఊళ్ళో దుకాణాలకు, పళ్ళ డాక్టర్లకు, కోచింగ్ సెంటర్లకు పేరు తెచ్చిపెట్టడం ఆమె వృత్తి. ఎవరు కొత్త బ్రాంచి తెరిచినా పేపర్లో నాలుగు ముక్కలు, రిబ్బన్ కత్తిరిస్తున్న ఫొటో వేయించేది ఆమే. పుట్టింట్లో ఆమెను ‘మైకు’ అంటారు. వ్యాపారుల సంఘంలోనూ ఆ పేరే స్థిరపడింది.

ఆ రోజు పొద్దున సంఘం సమావేశం ఎప్పటిలాగే హోటల్ పై అంతస్తులో జరిగింది. ఒక్కొక్కరూ లేచి తమ వ్యాపారం గురించి చెప్పుకున్నారు, కార్డులు పంచుకున్నారు, చల్లారిన కాఫీ తాగారు. మైకు మాత్రం పరుపుల షాపు యజమాని పక్కన చేరింది. మధ్యాహ్నం ఆయన పరుపులు దానం చేయబోతున్నది ఆమె అక్క నడిపే ఆశ్రయానికి. మొగుళ్ళ దెబ్బలు తప్పించుకుని, పిల్లల్ని చంకనేసుకుని వచ్చిన ఆడవాళ్ళుండే ఇల్లది. గేటుకు బోర్డు కూడా ఉండదు.

“మరోసారి చెప్తున్నా, అన్నగారూ. అక్కడున్న వాళ్ళెవరి ముఖమూ ఫొటోలో పడకూడదు. మీరు, పరుపులు, మా అక్క. అంతే.”

“ఎన్నిసార్లు చెప్తావమ్మా? నాకు తెలీదా?” అన్నాడాయన.

అక్కను ఒప్పించడానికే మైకుకు తలప్రాణం తోకకొచ్చింది. “నీ వ్యాపారాలు నా గుమ్మం దాకా తేకు,” అని అక్క తెగేసి చెప్పింది. “పిల్లలు చాపల మీద పడుకుంటున్నారు కదక్కా. పూచీ నాది,” అని బతిమాలి ఒప్పించింది.

పంపిణీ సజావుగానే సాగింది. వరండాలో పేర్చిన పరుపుల పక్కన యజమాని, అక్క నిలబడ్డారు. ఫొటో అయింది. అక్కాచెల్లెళ్ళు వంటింట్లోకి వెళ్ళి టీ గ్లాసులు అందుకున్నారో లేదో, మైకు ఫోన్ మోగింది. సంఘం గ్రూపులో ఫొటో. హాల్లో కొత్త పరుపు మీద దొర్లుతున్న పాప, పక్కన కూర్చుని నవ్వుతున్న తల్లి. ఆ మధ్యే వచ్చిన మనిషి. ముఖం అద్దంలో చూసినట్టు స్పష్టంగా ఉంది. వెనక కిటికీలోంచి మూలమీది మందుల షాపు బోర్డు కూడా కనిపిస్తోంది. కింద దండాలు పెట్టే చేతుల బొమ్మలు వరసకట్టాయి.

యజమాని వెంట వచ్చిన బావమరిది తీస్తే, యజమాని గ్రూపులో పెట్టిన ఫొటో అది.

మైకు టీ గ్లాసు అక్కడే పడేసి వరండాలోకి వచ్చింది. “తీసెయ్యండి. ఇప్పుడే.”

“ఎంత బాగా వచ్చిందో చూడమ్మా. ముఖం లేకపోతే జనం మనసు కదలదు. మొన్న మీటింగులో నువ్వే కదా చెప్పింది?”

నిజమే. ప్రచారం ఎలా చేసుకోవాలో పాఠం చెబుతూ ఆమే అంది. దాంతో ఒళ్ళు ఇంకా మండింది. ఆయన చేతిలోంచి ఫోన్ లాక్కుని ఫొటో తుడిచేసింది. అప్పటికే సంఘం అధ్యక్షుడు దాన్ని సంఘం పేజీలో పెట్టేశాడు. ఆయనకు ఫోన్ చేస్తే, “సాయంత్రం తీయిస్తాలేమ్మా, మంచి స్పందన వస్తోంది,” అన్నాడు.

ఆ పేజీ తయారుచేసింది మైకే. పాస్‌వర్డ్ ఇంకా ఆమె దగ్గరే ఉంది. ఫొటో ఒక్కటే తీయాలనుకుంది. వేలు ఆగలేదు. మూడేళ్ళుగా తను పెంచిన పేజీ మొత్తం తీసిపారేసింది.

ఆ తల్లికి విషయం చెప్పింది అక్కే. ఆమె ఏడవలేదు. “రోజంతా ఫోన్లో ఇలాంటివే చూస్తుంటాడు మా ఆయన,” అని, ఆరేసిన బట్టలు తడిగానే తీసి సంచిలో కుక్కింది. అక్క వేరే ఊళ్ళో తెలిసినవాళ్ళకు ఫోన్ చేసి చోటు మాట్లాడింది.

“నా కార్లో దింపుతానక్కా.”

“నీ పేరు అంత పెద్ద అక్షరాలతో ఉన్న కార్లోనా?” అంది అక్క. అదే ఆ పూట అక్క ఆమెతో ఆడిన ఒకే ఒక్క మాట.

తల్లీ బిడ్డా పక్కింటివాళ్ళ వ్యానులో వెళ్ళిపోయారు. ఆ కోపంలోనే మైకు పరుపులన్నీ వీధిలోకి లాగబోతే, వంటావిడ అడ్డంగా వచ్చి ఓ పరుపు మీద కూలబడింది. “నీ కోపం వాడి మీద చూపించమ్మా. ఇదేం చేసింది? నేల మీద పడుకుని విరిగే నడుం నాది.” పరుపులు ఉండిపోయాయి.

రెండు రోజుల తర్వాత అక్క ఫోన్ చేసింది. ఎవడో ఫోన్లో ఆ ఫొటో చూపిస్తూ మందుల షాపులో వాకబు చేశాడట. తెలీదని చెప్పి పంపేశారట. అంతే చెప్పి పెట్టేసింది.

మైకు తిన్నగా పరుపుల షాపుకు వెళ్ళింది. బేరమాడుతున్న దంపతుల ముందే జరిగింది చెప్పింది.

యజమాని అంతా విని, “చివరికి ఏమీ కాలేదు కదా?” అన్నాడు.

“కాలేదు. అందులో మీ గొప్పా లేదు, నా గొప్పా లేదు. మీ పని నేనింక చేయను.”

ఆ దంపతులు పరుపు కొనకుండా వెళ్ళిపోయారో, కొన్నారో ఆమె చూడలేదు. సంఘానికి మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పటికీ బ్రాంచీలకు రిబ్బన్ ఫొటోలు వేయిస్తుంది. దానాల ఫొటో అంటే మాత్రం ఎదుటివాడు మాట పూర్తిచేయకముందే లేచిపోతుంది. అక్క ఆమెతో మాట్లాడుతుంది గానీ, గేటు బయట నిలబెట్టే.