వానకు పోని గుర్తు

"వాన పడుతున్నదా?" అన్నాడు.

"పడుతున్నది," అన్నాను.

"అయితే నా గుర్తులన్ని వోయినయ్."

"పోతే పోనియ్. లేసినంక మళ్ల పెట్టుకుందువు తియ్."

మా ఆయనా నేనూ అనుకున్న ఆఖరి మాటలు ఇవే. తాండూరు ఆసుపత్రిలో కిటికీ పక్క మంచం మీద ఉన్నాడు. బయట రేకుల మీద వాన చప్పుడు వింటూ కళ్లు మూసుకున్నాడు. ఆషాఢం మొదలైన వారం అది. తెల్లారేసరికి లేడు.

ముందే చెబుతున్నాను, నేను నా పేరు మట్టుకు రాయడం నేర్చిన మనిషిని. ఇది నేను నోటితో చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది. నా మాటను పుస్తకాల భాషలోకి మారుస్తానంటే మార్చుకోమన్నాను. మనుషులు ఒకరితో ఒకరు అన్నవి మాత్రం అన్నట్టే ఉంచమన్నాను. ఏళ్ల తరబడి రాతి దుమ్ము మింగిన గొంతు నాది, గరగరమంటుంది. మధ్యమధ్య ఆగితే దమ్ము తీసుకుంటున్నానని అనుకోవాలి, ఏడుస్తున్నానని కాదు.

మా ఆయన బండల మేస్త్రి. గని నుంచి వచ్చిన నాపరాయిని పాలిష్ పట్టి యార్డులో దొంతరలుగా పేర్చాక, ప్రతి బండనూ చిన్న సుత్తెతో కొట్టి చూడడం ఆయన పని. మంచి బండ ఖంగుమంటుంది. లోపల పగులు ఉంటే మొద్దుగా మోగుతుంది. ఖంగుమంటే "పలికింది" అనేవాడు. లేకపోతే "డొల్ల" అనేవాడు. ఈ రెండు మాటలే. దొంతర మొత్తం పలికితే దాని మీద జాజుతో సుత్తె బొమ్మ గీసేవాడు. ఒక నిలువు గీత, పైన ఒక అడ్డం గీత. ఆయనకూ చదువు లేదు, అదే ఆయన సంతకం.

ఆ జాజు కలిపేది నేను. ఇల్లు అలికేటప్పుడు అంచులకు పెట్టే ఎర్రమట్టి జాజే. రోజూ పొద్దున కొబ్బరి చిప్పలో నానబెట్టి, గుడ్డ పేలిక వేసి ఇచ్చేదాన్ని. వాన పడితే గుర్తులన్నీ కారిపోయేవి. వెలవగానే పోయి, ఒక్కొక్క దొంతర మళ్లీ కొట్టి చూసి, మళ్లీ గీసేవాడు. వానాకాలమంతా ఇదే పని. ఒకసారి నాకు విసుగొచ్చింది.

"డబ్బా రంగు పెట్టరాదు? రోజు గీ మట్టి కలపలేక చస్తున్న," అన్నాను.

"రంగు వోదు గదనే," అన్నాడు. "బండ ఎండకు పగులుతది, వానకు పగులుతది. బండ పగిలినంక గూడ గుర్తు ఉన్నదనుకో, నేను అబద్ధం చెప్పినట్టె గద."

"అబ్బో, పెద్ద హరిశ్చంద్రుడివి. కలిపేటిది నేను."

"అందుకే గద, నువ్వు గూడ హరిశ్చంద్రుడివే," అని చిప్ప తీసుకుని పోయాడు.

కంపెనీ మొదలైనప్పుడు మేమిద్దరమే ముందు చేరాం. రైలు స్టేషన్ అవతల ఒక రేకుల షెడ్డు, ఒకే పాలిష్ మిషన్. కంపెనీ పెట్టిన పెద్ద సేటు తనే నీళ్ల పైపు పట్టుకునేవాడు. ఆ మిషన్ మీద పట్టిన మొదటి బండను సేటు ఎవరికీ అమ్మలేదు. "మేస్త్రీ, ఇది మీ గడప ముంగట వెయ్యి. నా చేతిగుణం నీ ఇంట్లనే ఉండనీ," అన్నాడు. ఇప్పటికీ నా గడప ముందు అదే బండ. చెప్పులు విప్పనిదే దాని మీద కాలు పెట్టనివ్వను.

తర్వాత పెరగడం మొదలైంది. షెడ్డు పక్కన షెడ్డు, గనులు, లారీలు. కుల్కచర్ల దాకా, పరిగి దాకా ఊళ్ల నుంచి ఆడవాళ్లు బస్సుల్లో పనికి వచ్చేవారు. తర్వాత సిమెంటు ఫ్యాక్టరీ, హోటళ్లు, పెద్ద ఆసుపత్రి, హైదరాబాదులో మేడలు. కంపెనీకి ఏదో ఒక బొమ్మ కావాలంటే సేటు వేరే ఆలోచన చేయలేదు. మా ఆయన గీసే సుత్తెనే పెట్టుకున్నాడు. లారీల తలుపుల మీద, సిమెంటు సంచుల మీద, ఆసుపత్రి దుప్పట్ల మీద అదే సుత్తె. నేను ఒకసారి ఆసుపత్రికి పోతే నర్సు దుప్పటి కప్పింది. దాని మీద గీతలు చూసి, "ఇది మా ఆయన చేతిరాత," అన్నాను. ఆమె జ్వరం ఎక్కువైందనుకుని మళ్లీ థర్మామీటర్ పెట్టింది.

గర్వం కాదా అంటే గర్వమే. ఎందుకు దాచుకోవాలి? అక్షరం రాని మనిషి గీసిన రెండు గీతలు అంత దూరం పోయాయి.

పెద్ద సేటు పోయాక పట్నం నుంచి పెద్ద పెద్ద ఆఫీసర్లు వచ్చారు. వాళ్లందరి మీద ఒక పెద్దాయన ఉండేవాడు. మా ఆయనకు శాలువా కప్పి ఫొటో దిగింది ఆయనే. కంపెనీ ఇంకా పెరిగిందని టీవీలో చెప్పేవారు. మా యార్డులో మాత్రం మిషన్లు సగం ఆగిపోయాయి, దొంతరలు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. అదేమిటో మాకు అర్థమయ్యేది కాదు. అప్పటికే మా ఆయనకు ఊపిరి ఆడటం లేదు.

ఆయన పోయిన మరుసటి ఏడు, మళ్లీ వానలు పడుతున్న రోజుల్లో, కంపెనీ మీద పోలీసులు పడ్డారు. నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడితే పక్కింటామె అంది, "అక్కా, టీవీల మీ ఆయన సుత్తె చూపిస్తున్నరు. దొంగ గుర్తంట."

"ఎవడన్నడు?"

"ఆ శాలువ గప్పినాయనే. మేస్త్రి గుర్తు పెట్టిండు, మేము నమ్మి మోసపోయినమంటున్నడు. పాపం, చచ్చినోనికి ఇంక నోరేడిది."

బిందె అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను. మా చెల్లెలి బిడ్డ వివరంగా చెప్పింది. లేని బండలను ఉన్నట్టు చూపారట. చుట్టూ మంచి బండలు పేర్చి, లోపల చెత్త నింపి, పైన సుత్తె గుర్తు వేసి, యార్డు చూడటానికి వచ్చిన బ్యాంకుల వాళ్లకు చూపారట. వాటిని చూపి తెచ్చిన అప్పులతో ఇంకా ఏవో డొల్ల కంపెనీలు పెట్టారట.

"కంపెనీకి డొల్ల ఏంది బిడ్డా?" అన్నాను.

"పేరుంటది, బోర్డుంటది, లోపల ఏం ఉండదు పెద్దమ్మా."

"గా మాటకు టీవీ ఎందుకు? మీ పెదనాన్న సుత్తెతోని ఒక్కటి గొడితే చెప్తుండె."

నవ్వుకున్నాం కానీ నాకు ఆ పూట ముద్ద దిగలేదు. ఆయన నాకు వదిలింది ఆ పేరు ఒక్కటే. దాన్ని దొంగ పేరు చేసి కూర్చున్నారు.

వికారాబాదు ఆఫీసుకు రమ్మని కాగితం వచ్చింది. నేనూ మా చెల్లెలి బిడ్డా పొద్దుటి రైలుకు పోయాం. విచారణ చేసే ఆఫీసరు ఆడమనిషి. కంప్యూటర్లో ఒక ఫొటో చూపించింది. పెద్ద దొంతర, దాని మీద ఎర్రగా సుత్తె.

"ఇది మీ ఆయన గుర్తేనా అమ్మా?"

"సుత్తె మా ఆయనదే," అన్నాను.

పక్కనున్న క్లర్కు టకటకా రాయడం మొదలుపెట్టాడు. మా చెల్లెలి బిడ్డ నా తొడ గిచ్చింది. నేను మళ్లీ ఫొటో చూశాను. ఆ ఎరుపు తళతళమంటోంది.

"ఆగు సారు, రాయకు," అన్నాను. "మేడం, గీ ఫొటో ఎప్పుడు దీసిర్రు?"

"నాలుగు రోజులైంది."

"వానలు పడుతున్నయ్ గద."

"నెల నుంచి పడుతూనే ఉన్నాయమ్మా."

"అయితే సుత్తె మా ఆయనదే గని, గీసింది మా ఆయన గాదు. ఆయనది జాజు. ఒక్క వానకు పోతది. ఆయన వోయి ఏడాది దాటింది. పోయిన వానాకాలం మొత్తం పడ్డది, ఇప్పుడు మళ్ల పడుతున్నది. గా జాజు నేనే కలిపిన, నాకు తెల్వదా?"

క్లర్కు మూతి బిగించి నవ్వు ఆపుకున్నాడు. ఆమె నవ్వలేదు. "రేపు యార్డుకు వస్తాం. మీరూ రండి," అంది.

మర్నాడు పొద్దున ఇంట్లో కొబ్బరి చిప్పలో జాజు నానబెట్టాను. మా ఆయన సుత్తె చెంగులో కట్టుకున్నాను. యార్డులో కంపెనీ తరఫు మనిషి ఒకడు గొడుగు పట్టుకుని ఉన్నాడు. నేను ఫొటోలో చూసిన దొంతర మీదే, వాళ్ల గుర్తు పక్కన జాజుతో ఒక సుత్తె గీశాను. రెండింటి మీదా చెంబుతో నీళ్లు పోశాను. నాది కారి, నా పాదాల మీదికి ఎర్రగా వచ్చింది. వాళ్లది అలాగే ఉంది.

"మేస్త్రి ముసలోడైనంక రంగే వాడిండు మేడం. చేతనైతలేదని మేమే డబ్బా ఇచ్చినం," అన్నాడు గొడుగు మనిషి.

నేను చెంగు ముడి విప్పాను. సుత్తె తీసి దొంతరను కొట్టాను. మా ఆయన ఉన్నన్నాళ్లు నేను ఒక్కసారి కూడా బండను కొట్టి చూసిన దాన్ని కాదు. కానీ జీవితమంతా ఆ చప్పుడు పక్కనే ఉన్నాను. "డొల్ల," అన్నాను. పక్కది కొట్టాను. "డొల్ల." దాని పక్కది. "ఇది పలికింది. దీన్ని ఏం చెయ్యకుర్రి."

నేను డొల్ల అన్న మొదటి దాని పై బండలు తీయించారు. లోపల వాడేసిన సిమెంటు సంచులు, వాటి నిండా మిషన్ల కింద పేరుకునే రాతి బురద ఎండిపోయి ఉంది. మా చెల్లెలి బిడ్డ వంగి ఒక సంచి మీద అచ్చు చదివింది. సిమెంటు నింపిన నెల, ఏడు. ఉగాది నెల, ఈ ఏడే.

"పెదనాన్న వోయింది పోయిన ఆషాఢంల," అంది ఆఫీసరుతో.

గొడుగు మనిషి గొడుగు ముడిచాడు, వాన మళ్లీ అందుకుంటుండగానే.

ఆ రోజు సాయంత్రం దాకా యార్డంతా నాతో కొట్టించారు. సగం పైన డొల్ల. నేను ఏది అంటే అదే విప్పారు. ఒక్కటీ తప్పు పోలేదు. క్లర్కు చివరికి, "అమ్మా, జర కూసోర్రి, చాయ్ తెస్త," అన్నాడు.

తర్వాత శాలువా కప్పినాయన జైలుకు పోయాడు. కంపెనీ ముక్కలైంది. చాలామంది ఆడవాళ్లకు పని పోయింది, అది తలుచుకుంటే ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. విచారణ కాగితంలో మాత్రం ఒక వాక్యం ఉంది. యార్డులోని గుర్తులు మేస్త్రి వేసినవి కావు, అని. మా చెల్లెలి బిడ్డతో దాన్ని ఎన్నిసార్లు చదివించుకున్నానో. నల్లా దగ్గర పక్కింటామెకు కూడా చదివించాను. ఆమె బిందె నింపి నా నెత్తి మీద తనే ఎత్తింది.

పాత లారీలు ఇప్పటికీ రోడ్డు మీద కనిపిస్తాయి, తలుపు మీద వెలిసిన సుత్తెతో. కనిపిస్తే నిలబడి చూస్తాను.

అయిపోయింది బిడ్డా. ఇగ మొదటికెంచి సదువు. జర మెల్లగ సదువు, నేను కండ్లు మూసుకొని వింట. యాడ డొల్ల అనిపించినా ఆపుత, ఆడ కొట్టెయ్.