పాట మీద ఎక్కించిన నిశ్శబ్దం

నా చిన్నప్పుడు, మహబూబాబాద్ దగ్గర మా తండాకు ఒక టేపు మేడం వచ్చింది. మనుషుల బతుకుల గురించి చదువుకునే పట్నం పిల్ల. మా ఇంట్లోనే ఉండి, మాతోపాటు జొన్నరొట్టె తిని, భుజాన టేపురికార్డరుతో తిరిగేది. ఆమెకు కావలసింది ఒక్కటే. పెళ్లికూతురిని సాగనంపుతూ మా ఆడవాళ్లు మెడ పట్టుకొని ఏడుస్తూ పాడే పాట. ఊరికే పాడమంటే ఎవరూ పాడరు.

మా అక్క పెళ్లిలో ఆమె కోరిక తీరింది. మా యాడి, అంటే అమ్మ, అక్కను పట్టుకొని పాడుతుంటే పక్కన టేపు తిరుగుతూనే ఉంది. మర్నాడు మేడం అందరికీ వినిపించింది. తండా అంతా మురిసిపోయింది. యాడి మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని విని, అయిపోయాక నెమ్మదిగా అంది:

"గది నా బిడ్డ కోసం ఏడ్చిన ఏడుపు చెల్లె. మంది వినేటందుకు కాదు. తీసెయ్యి."

మేడం ముఖం వాడిపోయింది. ఆ పాట కోసం నెలలుగా కాచుకుని ఉంది పాపం. బతిమాలుతుందనుకున్నాను, బతిమాలలేదు. టేపు వెనక్కి తిప్పి, మమ్మల్ని గమ్మునుండమని, యాడి ఎదుటే ఆ పాట మీద ఉత్త నిశ్శబ్దం ఎక్కించింది. ఎక్కడో మేక అరిస్తే నాకు నవ్వొచ్చింది.

ఆ వానాకాలమే యాడి జ్వరంతో దవాఖానలో పోయింది. పట్నం నుంచి మేడం పరామర్శకు వచ్చింది. ఒక్కసారి యాడి గొంతు వినిపించమని ఆమె కాళ్లు చుట్టుకొని ఏడ్చాను. ఎక్కడో ఒక ముక్కైనా దాచి ఉంటుందని నా ఆశ. ఆమె నాకంటే ఎక్కువ ఏడ్చింది.

"వద్దన్నది కదా బిడ్డా. దాచుకోలేదు."

వెళ్తూ వెళ్తూ ఆ టేపు నా చేతిలో పెట్టింది.

ఆ చదువే నేనూ చదివాను. ఇప్పుడు మా మానవశాస్త్రవేత్తల సంఘంలో నియమాల కమిటీ నా చేతిలో ఉంది. ఏటా సర్వసభ్య సమావేశంలో పదవుల కోసం పోట్లాడుకోవడం మాకు మామూలే. మొన్న మాత్రం ఒక తీర్మానం వచ్చింది. మా సంఘం టేపుల్లో, పాడినవాళ్లు బయట వినిపించొద్దన్న పాత పాటలు కూడా, వాళ్లు పోయారు కాబట్టి, అందరూ వినేలా పెడదామని. వాళ్ల పిల్లలకైనా ఆ గొంతులు దక్కుతాయన్నారు. ఆ మాటకు నా ప్రాణం విలవిల్లాడింది. ఆ ఆకలి ఎలాంటిదో నాకు ఒకరు చెప్పాలా! అయినా వద్దనే చెయ్యెత్తాను. తీర్మానం వీగిపోయింది. బయటికొచ్చి గోడ పట్టుకొని ఏడ్చాను.

యాడి గొంతు ఎలా ఉండేదో నాకిప్పుడు గుర్తులేదు. టేపు ఉంది. అందులో దూరంగా మేక అరుస్తుంది. ఆ తర్వాత ఒకసారి గాజులు గలగలమంటాయి. కళ్లు తుడుచుకోవడానికి మా యాడి చెయ్యెత్తింది అప్పుడే.