తూటా మొనకు కుంకుమ బొట్టు

ఆ రోజుల్లో, అంటే డెబ్భైల చివర, మిషిగన్‌లో ఉద్యోగానికి కుదిరిన కొత్తలో, నా తల మామూలు ఎత్తులో ఉండేది కాదు, కాస్త పైకే ఉండేది. కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో కొలతల ఇంజనీరుని. వెంట్రుకవాసి తేడా వచ్చినా పట్టేస్తానని పేరు. (ఆ పేరు పెట్టింది నేనే. తర్వాత మిగతావాళ్లకు అలవాటైంది.) ప్రొబేషన్ పూర్తి కావస్తోంది. నన్ను ఉంచాలా, పంపాలా అన్నది మా ఫోర్‌మన్ చేతిలో ఉంది. ఆయన్ని ఇంట్లో మేం ఎర్రమీసం అనుకునేవాళ్లం.

ఎర్రమీసానికి రైఫిల్ పోటీల పిచ్చి. పేల్చేసిన ఇత్తడి గొట్టాల్లో మళ్లీ తుపాకిమందు పోసి, పైన కొత్త గుండు దించి, తన తూటాలు తానే తయారుచేసుకునేవాడు. ఆ అక్టోబరులో బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చాయని గుండ్లు దించే ప్రెస్‌తో సహా ఆ పనిముట్ల పెట్టెను వారం రోజులు మా గరాజ్‌లో ఉంచాడు. ఆ వారంలోనే దసరా వచ్చింది. అప్పటిదాకా మా ఆయుధ పూజంటే ఒక స్క్రూడ్రైవర్, ఒక పాత కారు. మా ఆవిడ పెట్టె తెరిచి, "ఏమండీ, ఇన్నాళ్లకి మనింట్లో అసలైన ఆయుధాల సామాను! ఒక్కటి కూడా వదలకండి" అంది. వదిలితేగా! ప్రతి ముక్కకీ గంధం, కుంకుమ పెట్టాను. వాటిలో వేలెడంత ఉక్కు కడ్డీ ఒకటుంది. దాని కొసన చిన్న గుంట, బొట్టు కోసమే తవ్వినట్టుంది. అందులో ధారాళంగా నింపాను. తిరిగిచ్చే ముందు అన్నీ తుడిచాం (పైపైన).

కొన్నాళ్ల తర్వాత ఒక శుక్రవారం ఎర్రమీసం దిగులుగా నా బల్ల దగ్గరికొచ్చాడు. "ఆదివారం మ్యాచ్. గుండ్లు సరిగ్గా సీట్ అవడం లేదు. ఒకటి లోతుగా దిగుతోంది, ఇంకోటి పైనే ఆగుతోంది. లోతుగా దిగింది కాల్చడం డేంజర్. కొలతల మనిషివి కదా, వచ్చి చూడు" అన్నాడు.

సాయంత్రం, సన్నటి తేడాలు కొలిచే కాలిపర్ పట్టుకుని, ఆయనింటికి డాక్టరులా వెళ్లాను. "వైబ్రేషన్ ప్రాబ్లమ్" అని తేల్చి, ప్రెస్ బోల్టులన్నీ బిగించాను. తేడా పోలేదు. గొట్టాలు సమానంగా లేవన్నాను. కొలిస్తే అన్నీ ఒకటే. గుండ్ల తయారీలోనే లోపమన్నాను. అవీ ఒకటే. ఆయన మందు పోయకుండా నమూనాలు చేసిస్తూనే ఉన్నాడు, నేను ఉపన్యాసం ఇస్తూనే ఉన్నాను. పదహారోది కొలుస్తుంటే నా బొటనవేలికి ఎర్రగా ఏదో అంటింది. గుండు మొన రాగిరంగుది కావడంతో ఇందాకటి నుంచీ కనపడలేదు. వాసన చూశాను. మా పూజగది!

"గుండును నొక్కేది దేంతో?" అని మెల్లిగా అడిగాను. ప్రెస్‌లోంచి ఆ కడ్డీనే ఊడదీసి నా చేతిలో పెట్టి, కాఫీ కోసం లోపలికెళ్లాడు. గుంటలో నా భక్తి గట్టిపడి ఉంది. నొక్కినప్పుడల్లా కొంత రాలుతూ, కొంత జరుగుతూ ఒక్కో గుండును ఒక్కోలా దించుతోంది. పక్కనే బ్రష్ ఉంది. ఆయన వచ్చేలోగా తోమేసి "కనిపెట్టాను" అంటే ఉద్యోగం ఖాయం. బ్రష్ అందుకున్నాను కూడా. కానీ కాలిపర్ సున్నా సరిచూసుకోకుండా తప్పుడు కొలత రాసినట్టనిపించి, కింద పెట్టేశాను.

ఆయన రాగానే, "సర్, తప్పు మెషీన్‌ది కాదు, నాది" అని దసరా కథంతా చెప్పాను.

ఎర్రమీసం కడ్డీ అందుకుని గుంటలోకి చూశాడు. "అంటే, నా ప్రెస్‌కి దండం పెట్టావా?"

"పెట్టాను సర్."

"ఇరవై ఏళ్లుగా వాడుతున్నాను. నేను ఒక్కసారి థాంక్స్ కూడా చెప్పలేదు" అన్నాడు. మీసం వణికింది. తర్వాత ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

కడిగాక వరసగా పది నమూనాలు వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయి. ఆదివారం ఆయన మూడోవాడిగా నిలిచాడు. సోమవారం నా ఫైల్‌లో "తేడా ఎక్కడున్నా పట్టుకుంటాడు, అది తనదైనా చెబుతాడు" అని రాసి సంతకం చేశాడు. తర్వాత చాలా ప్రమోషన్లు చూశాను గానీ, ఛాతీ అంత ఉబ్బింది మాత్రం ఆ రోజే.

రిటైరయ్యేటప్పుడు ఆ కడ్డీని నాకిచ్చి వెళ్లాడు. ఇప్పుడది మా పూజగదిలో ఉంది. ఏటా దసరాకి దానికి బొట్టు పెడతాను. ఇక అది నొక్కాల్సిన గుండ్లేమీ లేవు కదా, గుంటలోనే, ధారాళంగా పెడతాను.